కిటుకు సరే, కారణం ఏది?

బ్యాంకు కొలువుల ప్రిలిమ్స్‌లో లెక్కల విభాగానికి ఇచ్చేది 20 నిమిషాలు. ప్రశ్నలు 35. ఒక్కోదానికి 35 సెకన్లు కూడా దక్కవు. అందులో సగం ప్రశ్న చదవడానికే పోతుంది. క్యాలిక్యులేటర్‌ను గేటు దగ్గరే ఆపేస్తారు. కాబట్టి అమీర్‌పేట నుంచి నంద్యాల దాకా కోచింగ్ సెంటర్లలో షార్ట్‌కట్లకు గిరాకీ ఉండటంలో వింతేమీ లేదు. ఇప్పుడు ఆ గిరాకీ మూడో తరగతి పిల్లల దాకా దిగింది. వేసవి సెలవులు వస్తే చాలు, వీధికొక వేదిక్ మ్యాథ్స్ బోర్డు, దాని పక్కనే అబాకస్ బోర్డు వెలుస్తున్నాయి.

అక్కడ మొదటి రోజు చూపించే గారడీ దాదాపు ఒకటే. 97ను 96తో హెచ్చవేయాలి. వందకు మొదటిది 3 తక్కువ, రెండోది 4 తక్కువ. 97లోంచి 4 తీసేస్తే 93. మూడు నాలుగులు 12. రెండూ పక్కపక్కన పెడితే 9,312. కాగితం మీద నాలుగు వరుసలు పట్టే లెక్క కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. పిల్లల మొహాలు వెలిగిపోతాయి, వెనక కూర్చున్న తల్లిదండ్రుల మొహాలు ఇంకా ఎక్కువ.

ఆ సంబరాన్ని తక్కువ చేయనక్కర్లేదు. లెక్కలంటే హడలిపోయే పిల్లవాడికి తన నోట సరైన జవాబు ఠక్కున రావడం చిన్న విషయం కాదు. పేచీ అంతా ఆ తర్వాతి నిమిషంతోనే. అది ఎలా కుదిరిందో ఎవరూ చెప్పరు. ఇంకో పది లెక్కలు అదే అచ్చులో పోస్తారు, గంట కొడతారు.

కారణం చెప్పకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే అదే పిల్లవాడికి 998ని 997తో హెచ్చవేయమని ఇచ్చి చూడాలి. వెయ్యికి 2 తక్కువ, 3 తక్కువ. 998లోంచి 3 పోతే 995. రెండు మూళ్లు 6. చాలామంది రాసేది 9,956. అసలు జవాబు 9,95,006. వెయ్యి ఆధారమైనప్పుడు కుడివైపు మూడు స్థానాలు నిండాలి, కాబట్టి 6ను 006గా రాయాలి. ఆ సంగతి నియమంగా చెప్పినా పరీక్ష హడావుడిలో మరిచిపోతారు. అసలు బాధ సున్నాలు మరవడం కాదు. దాదాపు వెయ్యి వేలు, అంటే పది లక్షల దగ్గర ఉండాల్సిన జవాబు పదివేల లోపు వస్తే కూడా ఆ బుర్రలో గంట మోగకపోవడం.

నిజానికి ఆ కిటుకు వెనకున్న సంగతి మూడో తరగతి పిల్లలకూ అందుతుంది. 97 తొంభై ఆరులు కావాలి. వంద తొంభై ఆరులు 9,600. అందులోంచి మూడు తొంభై ఆరులు, అంటే 288 తీసేస్తే 9,312. ఇంకొంచెం పెద్దవాళ్లకైతే రెండో దారి: వంద వందలు పదివేలు. ఒక వైపు 3 తగ్గినందుకు 300, రెండో వైపు 4 తగ్గినందుకు 400 పోగా 9,300. మూలన ఉన్న 12 రెండుసార్లు తీసేశాం కాబట్టి ఒకసారి తిరిగి కలపాలి. గళ్ల నోటుబుక్కులో చతురస్రం గీసి చూపిస్తే ఐదు నిమిషాల పని. బడి పుస్తకాల్లో దీని పేరే విభాగ న్యాయం. పేరు చూసి భయపడే పిల్లలు దాని పని చూసి ముచ్చటపడతారు.

కారణం తెలిసినవాడికి కిటుకు ఎక్కడ ఆగిపోవాలో కూడా తెలుస్తుంది. 68ని 43తో హెచ్చవేయమంటే వంద కిటుకు పట్టుకున్న విద్యార్థి లోటు 32, లోటు 57 అని రాసుకుని ఇప్పుడు 32ని 57తో హెచ్చవేస్తూ కూర్చుంటాడు. మొదటి లెక్క కన్నా ఇది ఏం తేలికో అతనికే తెలియాలి. విడగొట్టడం తెలిసిన పిల్ల మాత్రం 70 నలభై మూళ్లు 3,010 అనుకుని, రెండు నలభై మూళ్లు 86 తీసేసి 2,924 అంటుంది. ఐదుతో ముగిసే సంఖ్యల వర్గాలూ అంతే. 65 వర్గానికి ఆరేళ్లు 42 వేసి పక్కన 25 పెడితే 4,225. బావుంది. 63ను 67తో హెచ్చవేసినా ఆరేళ్లు 42, పక్కన మూడేళ్లు 21, కలిపి 4,221 వస్తుంది. పదుల అంకె ఒకటే అయి, ఒకట్ల అంకెల మొత్తం పది కావాలన్నదే అక్కడి షరతు. షరతు తెలియకుండా 63ను 68తో కూడా అలాగే చేసేసే పిల్లలున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు షరతు చెప్పినవాళ్లు లేరు.

ఇక ఆ బోర్డుల మీది పేరు సంగతి. వేదగణితం పేరుతో చలామణీలో ఉన్న 16 సూత్రాలు పూరీ గోవర్ధన పీఠాధిపతి భారతీకృష్ణ తీర్థ రాసిన పుస్తకంలోవి. ఆయన 1960లో కన్నుమూశారు, పుస్తకం 1965లో అచ్చయింది. తెలుగువాళ్లకు ఆయనతో చిన్న చుట్టరికం ఉంది. సన్యాసం పుచ్చుకోక ముందు, జాతీయోద్యమం రోజుల్లో, రాజమహేంద్రవరంలోని నేషనల్ కాలేజీకి ఆయన ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. సూత్రాలు అథర్వవేద పరిశిష్టంలో ఉన్నాయన్నది ఆయన మాట. గణిత చరిత్రకారుడు కె.ఎస్.శుక్లా 1950లో అచ్చు పరిశిష్ట ప్రతిని పట్టుకెళ్లి ఎక్కడున్నాయో చూపమని అడిగితే, అవి తన పరిశిష్టంలోనే ఉన్నాయని స్వామి జవాబిచ్చారట. పుస్తకానికి సంపాదకత్వం వహించిన పండితుడు వి.ఎస్.అగ్రవాల కూడా తెలిసిన పరిశిష్టాల్లో ఈ సూత్రాలు కనిపించవని ముందుమాటలోనే ఒప్పుకున్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన గణితవేత్త ఎస్.జి.దాని 1990ల్లో ఈ విషయం మీద సవివరంగా రాశారు. అయినా బోర్డులు మారలేదు. లెక్కలు బాగా తెలిసిన ఒక ఇరవయ్యో శతాబ్దపు మనిషి తన తెలివితో కూర్చిన పద్ధతులివి. ఆ గౌరవం ఆయనకు ఇస్తే సరిపోతుంది. వేదం పేరు తగిలిస్తే అడగాల్సిన ప్రశ్న పిల్లల గొంతులోనే ఆగిపోతుంది.

నిజంగా పాత లెక్కలు కావాలంటే మన దగ్గర కరవేమీ లేదు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు 135ను 12తో హెచ్చవేయమని ఒకే ఒక్క లెక్క ఇచ్చి, దాన్ని ఎన్ని దారుల్లో చేయొచ్చో చూపిస్తాడు. పన్నెండును 8, 4గా విడగొట్టొచ్చు: 1,080కి 540 కలిపితే 1,620. మూడు నాలుగులుగా చూడొచ్చు: 405 నాలుగులు. లేదంటే 12కు బదులు 10తో హెచ్చవేసి, వదిలేసిన రెండు 135లు కలపొచ్చు. 20తో హెచ్చవేసి ఎనిమిది 135లు తీసేయొచ్చు కూడా. ఈ చివరి రెండింటినీ ఇష్టగుణనం అంటారు. నచ్చిన సంఖ్య పెట్టుకో, తర్వాత సరిచేసుకో అని. అన్ని దారులూ 1,620కే చేరతాయి. నేటి కోచింగ్ సెంటర్ వంద లెక్కలకు ఒక కిటుకు ఇస్తుంటే, భాస్కరుడు ఒక లెక్కకు ఇన్ని దారులు ఇచ్చాడు. ఎవరి శిష్యులు గట్టివాళ్లవుతారో వేరే చెప్పాలా?

అంతకన్నా ముందు తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూటుల ఏలుబడిలో జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. అందులో గుణకారాలతో దండలు గుచ్చాడు. 1,52,207ను 73తో హెచ్చవేస్తే వరసగా ఎనిమిది ఒకట్లు వస్తాయి. 12345679ని 9తో హెచ్చవేస్తే తొమ్మిది ఒకట్లు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలకు అదే నాంది. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపు చేసుకుంటూ పోయి అన్నీ కూడితే వచ్చే 1,84,46,74,40,73,70,95,51,615 అనే సంఖ్యను మల్లన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. అంకెకొక సంకేత పదం పెట్టి, ఒకట్ల స్థానం నుంచి వెనక్కి చదివేలా. ఇరవై అంకెలు తప్పకుండా గుర్తుండాలంటే ఛందస్సును మించిన కాపలా ఉండదు.

పుస్తకాలను పక్కన పెట్టి బజారుకు వద్దాం. గుంటూరు మిర్చి యార్డులో క్వింటాలు 14,500 పలికింది, సరుకు 18 క్వింటాళ్లు అనుకుందాం. ఇరవై క్వింటాళ్లయితే 2,90,000, రెండు క్వింటాళ్లవి 29,000 తీసేస్తే 2,61,000. కమీషన్ కొట్టులో గుమస్తా దీన్ని ఏ సూత్రం పేరుతోనూ చేయడు. దగ్గరలో ఉన్న గుండ్రటి సంఖ్యకు వెళ్లి వెనక్కి వస్తాడు. భాస్కరుడి ఇష్టగుణనం అచ్చంగా ఇదే.

బజారు లెక్కలను పరిశోధకులూ పట్టించుకున్నారు. బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద నూనెస్, షిలిమాన్, కరాహెర్‌లు చేసిన అధ్యయనం 1985లో వెలువడింది. ఒక్కోటి 35 క్రుజేరోల కొబ్బరికాయలు అమ్మే 12 ఏళ్ల కుర్రాణ్ని పది కాయలు ఎంత అని అడిగారు. వాడు 35 పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడుకు 315, ఇంకొకటి వేస్తే 350 అన్నాడు. బేరం మధ్య అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు నూటికి 98 ఒప్పులు చెప్పారు. అవే లెక్కలను బడిలో ఇచ్చినట్టు అంకెల్లో రాసిస్తే ఒప్పులు 37 శాతానికి పడిపోయాయి.

ఇది ఎక్కడో బ్రెజిల్ ముచ్చట అనుకోనక్కర్లేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. కిలో 20 చొప్పున 800 గ్రాముల ఆలుగడ్డలు, 15 చొప్పున కిలో 400 గ్రాముల ఉల్లిపాయలు లాంటి బేరాలను నోటితో తేల్చేసే పిల్లలు, బడి పద్ధతిలో రాసిచ్చిన మామూలు భాగహారం దగ్గర తడబడ్డారు. బజారు మొహం ఎరగని బడి పిల్లలు పుస్తకం లెక్కల్లో నయమనిపించుకుని, బేరం లెక్కల దగ్గర బోల్తాపడ్డారు. మామూలుగా దీన్ని చదివి బజారు పిల్లలు గొప్పవాళ్లు, బడులు దండగ అని తేల్చేస్తారు. అది తొందరపాటు. రెండు వైపులా కొరత ఒకటే: ఒక చోట నేర్చిన దారి ఇంకో చోటికి నడవలేదు. ఆ వంతెన కట్టాల్సింది బడే.

ఎక్కాల విషయంలో మాత్రం పాతవాళ్ల వైపే మొగ్గాలి. ఇరవై దాకా ఎక్కాలు నోటికి రాకుండా ఏ కిటుకూ పనిచేయదు. ఆరేళ్లు ఎంతో ఆగి ఆలోచించేవాడికి 65 వర్గం కిటుకు ఎందుకు? వీధి బడుల్లో పిల్లలు ఎక్కాలను రాగం తీసి అప్పజెప్పింది ముచ్చట కోసం కాదు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పన్నెండో ఎక్కం, పదహారో ఎక్కం రానివాడు కిరాణా కొట్టులో చిల్లర కూడా లెక్కపెట్టుకోలేడు. ఆ అవసరం పోయాక బడులు ఎక్కాలను పదో ఎక్కం దగ్గరే ఆపేశాయి. బట్టీ మీద వచ్చిన విసుగులో ఎక్కాలు కూడా కొట్టుకుపోయాయి. ఎక్కం బట్టీ పట్టాలి, పద్ధతి బట్టీ పట్టకూడదు. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా తిరగేసి.

ఎక్కాలకు అవతల ఏముందో శకుంతలాదేవి చూపించారు. 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో అప్పటికప్పుడు ఎంచి ఇచ్చిన రెండు 13 అంకెల సంఖ్యలను, 7686369774870ని 2465099745779తో, 28 సెకన్లలో హెచ్చవేసి 18947668177995426462773730 అన్నారు. అదే ఏడాది మొదట్లో ఆమె మెదక్‌లో ఇందిరాగాంధీ మీద లోక్‌సభకు పోటీ చేశారన్నది చాలామందికి తెలియని పిట్టకథ. ఆ జవాబును పాఠకులు కూడా నిమిషంలో పరీక్షించుకోవచ్చు. మొదటి సంఖ్య అంకెలన్నీ కూడితే 78, తొమ్మిదితో భాగిస్తే మిగిలేది 6. రెండోదానికి 74, మిగిలేది 2. ఆరు రెళ్లు 12, అందులోంచి తొమ్మిది పోతే 3. జవాబు అంకెల మొత్తం 138, దాని శేషమూ 3. సరిపోయింది. కాకపోతే ఈ తొమ్మిది పరీక్ష తప్పును పట్టిస్తుందే గానీ ఒప్పుకు హామీ ఇవ్వదు. 1,692కు బదులు 1,962 అని అంకెలు తారుమారు చేసినా పరీక్ష నెగ్గేస్తుంది.

ఆమెది కంప్యూటర్ మెదడని అందరూ అనేవారు. బర్క్‌లీ మనస్తత్వవేత్త ఆర్థర్ జెన్సన్ 1988లో ఆమెను పరీక్షించారు. 6,16,29,875 ఘనమూలం 395 అని, ఆయన నోటుబుక్కులో ప్రశ్న రాసుకునేలోపే చెప్పేశారు. అదే మనిషికి దీపం వెలగగానే మీట నొక్కే లాంటి స్పందన వేగం పరీక్షలు పెడితే ఫలితాలు మామూలుగానే వచ్చాయి. ఆమె గొప్పంతా సంఖ్యలతో దశాబ్దాల సహవాసంలో ఉందన్నమాట.

తెలుగునాట ఆ సహవాసానికి ఇంకో పేరు లక్కోజు సంజీవరాయశర్మ. ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో చూపు లేకుండానే పుట్టారు. అక్క బడి పాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారు. వయొలిన్ వాయిస్తూ గణితావధానాలు చేశారు. ఆయన గురించి తరచూ చెప్పుకునే ప్రశ్న, రెండును 103 సార్లు హెచ్చవేస్తే ఎంత అని. 32 అంకెల జవాబును చెప్పుకుంటూ పోయారంటారు. పలకా బలపం ఎరగని మనిషికి అంకెలు చెవి దారిన వచ్చాయి, అక్కడే నిలిచిపోయాయి. అలాంటివాళ్లను చూపించి మూడో తరగతి పిల్లలకు ఆరు వారాల కోర్సు అమ్మడం మాత్రం అన్యాయం.

క్యాలిక్యులేటర్ జేబులో ఉండగా ఇదంతా దేనికనే వాదన ఒకటుంది. ఆ క్యాలిక్యులేటర్ పుట్టింట్లోనే జవాబుంది. రెండు పెద్ద సంఖ్యలను హెచ్చవేయడానికి బడిలో నేర్పే దారికన్నా పెద్దగా తక్కువ పని పట్టే దారి ఉండదని సోవియట్ గణితవేత్త కొల్మగోరోవ్ ఊహించాడు. 1960లో మాస్కో విశ్వవిద్యాలయంలో తన సెమినార్‌లో ఆ మాటే చెప్పాడు. వారం తిరక్కుండా 23 ఏళ్ల అనతోలీ కరత్సూబా దాన్ని తప్పని చూపించాడు. అతని ఉపాయం 47ను 36తో హెచ్చవేసేటప్పుడు కూడా కనిపిస్తుంది. మామూలుగా అయితే నాలుగు చిన్న గుణకారాలు కావాలి. కరత్సూబా మూడే చేస్తాడు: 4, 3 హెచ్చవేస్తే 12, 7, 6 హెచ్చవేస్తే 42, అంకెలు కూడగా వచ్చిన 11, 9 హెచ్చవేస్తే 99. ఆ 99లోంచి 12, 42 తీసేస్తే 45. వందల్లో 12, పదుల్లో 45, ఒకట్లలో 42: 1,200, 450, 42 కలిపితే 1,692. రెండంకెల దగ్గర ఆదా కనిపించదు. వేల అంకెలున్న సంఖ్యల దగ్గర కంప్యూటర్ పని ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. 2019లో డేవిడ్ హార్వే, జోరిస్ వాన్ డెర్ హోవెన్ ఇంకా వేగమైన దారి కనిపెట్టారు. వేల ఏళ్లుగా అందరూ చేస్తున్న గుణకారంలో ఇంకా కొత్త సంగతులు బయటపడుతున్నాయంటే, బడిలో దానికి ఒకే దారి ఉందన్నట్టు నేర్పడం ఏం న్యాయం?

ఎన్‌సీఈఆర్‌టీ కొత్త ఎనిమిదో తరగతి పుస్తకం గణిత ప్రకాశ్ విభాగ న్యాయాన్ని వేగపు గుణకారాలతో ముడిపెట్టి చెబుతోంది. మంచి మొదలు. కాకపోతే ఎనిమిదో తరగతి దాకా ఆగడం ఆలస్యం. నాలుగో తరగతిలోనే రోజూ పొద్దున పది నిమిషాలు నోటి లెక్కలకు ఇవ్వొచ్చు. బోర్డు మీద ఒకే లెక్క రాయాలి. జవాబు చెప్పినవాళ్లకు చప్పట్లు వద్దు, ఎలా చేశారో చెప్పినవాళ్లకు కొట్టాలి. ఒకరు 49ని 51తో హెచ్చవేయడానికి యాభై యాభైల నుంచి ఒకటి తీసేస్తారు, ఇంకొకరు 50 యాభై ఒకట్లలోంచి 51 తీసేస్తారు, మూడోవాళ్లు కాగితం మీదే చేస్తారు. ముగ్గురికీ 2,499 వస్తుంది. పరీక్షలో కూడా అలాంటి ప్రశ్న ఒకటి పెట్టొచ్చు: ఈ లెక్కను రెండు దారుల్లో చెయ్యి, ఏది తేలికో ఎందుకో రాయి. జవాబుకు ఒక మార్కు, కారణానికి మూడు.